కంప్యూటరు గారూ, శ్రీరాములు గారూ

శ్రీరాములు గారు కంప్యూటర్‌ని ‘అది’ అనరు. ‘వారు’ అంటారు.

ప్రతి కంప్యూటర్‌కీ ఈ గౌరవం దక్కదు. కివోరా కంపెనీ వాళ్ళు చేసిన దానికి మాత్రమే. మిగతా కంపెనీల వాటిని ‘ఆ ఇంకోటి’ అని ఊరుకుంటారు. కివోరా మూత తెరుచుకుంటే ‘వారు లేచారు’. మూత పడితే ‘వారు పడుకున్నారు’. బ్యాటరీ అయిపోతే ‘వారికి ఆకలేస్తోంది’. లోపల ఏదో కొత్తది ఎక్కుతూ తెర మీద చక్రం గిరగిరా తిరుగుతుంటే, ‘వారు ధ్యానంలో ఉన్నారు, దయచేసి ఎవరూ పలకరించకండి’.

ఈ మాటలన్నీ మెల్లగా అంటే సూరత్ నగరానికి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. కానీ శ్రీరాములు గారు అక్కడి ఉధ్నా స్టేషన్‌లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పీ చెప్పీ రిటైరైన మనిషి. రైలు ఆలస్యంగా వస్తోందని చెప్పినా శుభవార్తలా వినిపించే గొంతు ఆయనది. ఉద్యోగం మైకుని వెనక్కి తీసుకుంది గానీ గొంతుని తీసుకోలేకపోయింది.

ఆ గొంతుని నీరజ మొదటిసారి విన్నది ఒక వానాకాలం సాయంత్రం. ఆల్థాన్ పేటలో కివోరా షోరూమ్ కొత్తగా తెరిచారు. నీరజ దానికి మేనేజర్. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. తండ్రి రైల్వేలో గుమాస్తా. అంతకుముందు ఫ్రిజ్‌లూ, వాషింగ్ మెషీన్లూ అమ్మింది కాబట్టి కంప్యూటర్ కూడా ఆమెకి సరుకే. ఆ రోజు షాపులో నరపురుగు లేదు. తడిసిన గొడుగుతో ఒక పెద్దాయన వచ్చి, గొడుగుని బయటే వదిలి, గుమ్మంలో నిలబడి అడిగారు.

“అమ్మా, చేతులెక్కడ కడుక్కోవాలి?”

“బాత్‌రూమ్ కావాలా అంకుల్?”

“కాదు తల్లీ. వారిని ముట్టుకోవాలంటే చేతులు శుభ్రంగా ఉండొద్దూ?”

నీరజ వెనక్కి తిరిగి చూసింది. షాపులో వేరే ఎవరూ లేరు. కౌంటర్ దగ్గర సేల్స్‌మన్ బాలు ఒక్కడే ఉన్నాడు. తననే ముట్టుకోబోతున్నారేమో అని బాలు కొంచెం కంగారుపడ్డాడు.

శ్రీరాములు గారు చేతులు కడుక్కుని, జేబురుమాలుతో వేళ్ళ సందుల్లో కూడా తుడుచుకుని, మధ్య బల్ల దగ్గరికి వచ్చారు. అక్కడున్నది కివోరాలో అన్నిటికన్నా పలచటిది. వాన కురిసే ముందు తాపీ నది మీద మబ్బు ఏ రంగులో ఉంటుందో ఆ రంగు. దాని మూతని ఒక్క వేలితో ఎత్తవచ్చు. అడుగు భాగం బల్ల మీంచి అంగుళం కూడా కదలదు. శ్రీరాములు గారు చూపుడు వేలు అంచుకి ఆనించి, తలుపు సందులోంచి నిద్రపోతున్న పసిపిల్లని చూస్తున్నట్టు మెల్లగా ఎత్తారు. తెర భళ్ళున వెలగలేదు. తెల్లవారుతున్నట్టు, ముందు మసకగా, తర్వాత లేత వెలుగుగా, ఆ తర్వాత నిండుగా వెలిగింది.

“ఆహా!” అన్నారు శ్రీరాములు గారు. “చూశావా అమ్మా, ఎంత మర్యాదగా లేచారో! మా ఇంట్లో నేను కూడా ఇంత మర్యాదగా లేవను.”

బేరం కుదిరేలా ఉందని నీరజ ఉత్సాహంగా ధర చెప్పబోయింది. ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

“వారి ముందు ధర మాట్లాడకు తల్లీ. నీ ముందు నీ జీతం గురించి ఎవరైనా మాట్లాడితే నీకెలా ఉంటుంది?”

“పోనీ, తీసుకుంటారా అంకుల్?”

అప్పుడు వినిపించింది ఆ గొంతు పూర్తి స్థాయిలో. “తీసుకోవడమా? నేనా? అబ్బే! నేను కొనేవాణ్ణి కాదమ్మా, చూసేవాణ్ణి!”

బయట రోడ్డు మీద ఆటోకోసం నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగి చూశారు.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ముందు గుమ్మంలో నిలబడి “కొనను, చూస్తాను!” అని ప్రకటించడం, తర్వాత చేతులు కడుక్కోవడం, తర్వాత వారిని లేపడం. ఒకరోజు బాలు చాయ్ గ్లాసు తెచ్చి కివోరా పక్కన పెట్టాడు. శ్రీరాములు గారు గుండె మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూలబడ్డారు.

“నాయనా, వారి పక్కన వేడి చాయా? పొరపాటున ఒలికితే?”

“ఏం కాదు కాకా, కీబోర్డ్ మీద నీళ్ళు పడినా తట్టుకుంటుంది. కంపెనీ అలాగే చేసింది.”

“వారు తట్టుకుంటారు. నేను తట్టుకోగలనా?”

ఇంకోసారి ఎవరో కుర్రాడు మూతని టపీమని మూశాడు. శ్రీరాములు గారు వాడిని ఏమీ అనలేదు. దగ్గరికి వెళ్ళి, మూత మీద అరచేయి పెట్టి, “ఏం లేదు, ఏం లేదు, చిన్నపిల్లాడు” అని కంప్యూటర్‌ని ఓదార్చారు. ఆ కుర్రాడు సిగ్గుపడి ఆయన చూస్తుండగా మళ్ళీ తెరిచి, మళ్ళీ నెమ్మదిగా మూసి వెళ్ళాడు. మరుసటి ఆదివారం తండ్రిని వెంటబెట్టుకొచ్చి ఒకటి కొనుక్కుపోయాడు.

నీరజ అప్పుడే గమనించింది. ఈయన ఉన్నప్పుడు జనం ఆగుతున్నారు. ఆగినవాళ్ళు లోపలికి వస్తున్నారు. వచ్చినవాళ్ళని శ్రీరాములు గారు వాళ్ళ భాష ఏదైతే ఆ భాషలో, అదే స్టేషన్ గొంతుతో ఆహ్వానిస్తున్నారు. హిందీ వాళ్ళు వస్తే “సాహెబ్ ఉఠ్ రహే హైఁ!” అంటారు. సాహెబ్ లేస్తున్నారంటే అందరూ ఒకడుగు వెనక్కి వేసి, మెడలు సాచి చూస్తారు. తెర మీద తెల్లవారుతుంది. “వాహ్!” అని ఎవరో ఒకరు అంటారు.

కతర్‌గామ్ నుంచి ఒక వజ్రాల వ్యాపారి వచ్చాడు. మొహం గంటు పెట్టుకుని, “అన్నీ ఒకటేలే భాయ్” అన్నాడు. శ్రీరాములు గారు వాదించలేదు. “మీ ఫోన్‌లో ఒక రాయి ఫొటో ఉందా సేఠ్‌జీ? వారికి చూపిద్దాం” అన్నారు. బాలు ఆ ఫొటోని కంప్యూటర్‌లోకి పంపాడు. పెసరగింజంత వజ్రం తెర నిండా విచ్చుకుంది. ఒక్కో ముఖం మీద విరిగిన వెలుగు, ఆ వెలుగులో ఇంకో వెలుగు, ఎక్కడో లోతున చీమ కాలంత మచ్చ. వ్యాపారి ముక్కు తెరకి ఆనేంత ముందుకి వంగాడు. పుట్టిన దగ్గర్నుంచీ రాళ్ళ మధ్యే బతికిన మనిషి.

“ఇది నా రాయేనా?” అన్నాడు గుజరాతీలో.

“మీదే. వారు కాస్త శ్రద్ధగా చూస్తారు, అంతే” అన్నారు శ్రీరాములు గారు.

ఆ వ్యాపారి తన ఆఫీసు మొత్తానికి కివోరాలే తీసుకున్నాడు. అతని పక్క ఆఫీసు వాడు చూసి తీసుకున్నాడు. దీపావళి వచ్చేసరికి షోరూమ్ ముందు క్యూ మెట్లు దిగి, ఖమణ్ అనే శనగపిండి ఫలహారం అమ్మే కొట్టు దాటి పోయింది. ఖమణ్ కొట్టువాడు ఆ క్యూకే అమ్ముకుని బాగుపడ్డాడు. ఎంత అమ్ముడుపోతున్నాయో అహ్మదాబాద్ ఆఫీసుకి చెప్తే వాళ్ళు నమ్మక రెండోసారి అడిగారు.

ఆశ్చర్యం ఏమిటంటే, నీరజకి కూడా ఏదో అయింది. ఒకరోజు పొద్దున్నే ఇంకా ఎవరూ రాకముందు, ఆమె ఒక్కతే బల్లల మీద దుమ్ము దులుపుతూ, ఊరికే, ఒక్క వేలితో ఆ మూత ఎత్తింది. తెల్లవారింది. తాళాలు తీయడం, లెక్కలు చూడటం, బాలుని కేకలేయడం అన్నీ మర్చిపోయి అలా నిలబడిపోయింది. ఇంత పలచటి రేకులో ఇంత లోతు ఎవరు దాచారు? కీ నొక్కితే చప్పుడు లేదు, దూది మీద వేలు పెట్టినట్టు. ఇన్నాళ్ళుగా ఇదే కదా నేను అమ్ముతున్నది అనుకుంది. “వారు లేచారు” అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసుకుంది.

ఇలాంటి రోజుల్లోనే ఆగయ్య వచ్చాడు. వచ్చాడంటే లోపలికి రాలేదు. అద్దం అవతల నిలబడ్డాడు. భేస్తాన్‌లో మరమగ్గాల మీద పనిచేసే మనిషి. జుట్టులో నూలు పీచు ఇంకా అలాగే ఉంది. బాలు తలుపు తీసి “ఆవో, ఆవో” అనగానే, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా గబగబా వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ అదే చోట నిలబడ్డాడు. నీరజ చూసి నవ్వేసరికి మళ్ళీ మాయం.

మూడోరోజు శ్రీరాములు గారు చూశారు. ఆయన ఆగయ్యని పిలవలేదు. అతనివైపు చూడను కూడా లేదు. తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి, వీధికి ప్రకటించారు. ఈసారి తెలుగులో.

“దయచేసి వినండి! శ్రీరాములు అనే నేను ఈ షాపులో ఇంతవరకూ ఒక్క వస్తువు కూడా కొనలేదు! ఇకముందు కొనే ఉద్దేశం కూడా లేదు! అయినా వీళ్ళు నన్ను రోజూ లోపలికి రానిస్తున్నారు!”

నీరజ తల పట్టుకుంది. ఏ షాపు ముందైనా ఇలాంటి ప్రకటన చేస్తారా ఎవరైనా? కానీ తెలుగు వినగానే ఆగయ్య కాళ్ళు ఆగిపోయాయి.

“మీరు మనోల్లా సారూ?”

“మనవాళ్ళమే. లోపలికి రా, వారిని చూద్దువుగాని.”

“వద్దు సార్. నేనేం కొన. ఊకె సూస్తున్న.”

“నేను చెప్పింది వినలేదా? ఇక్కడ కొనని వాళ్ళలో సీనియర్‌ని నేను. నా తర్వాతే ఎవరైనా.”

ఆగయ్య నవ్వాడు. మళ్ళీ చేతులు వెనక్కి దాచుకున్నాడు. “చేతులకు మగ్గం నూనె ఉన్నది సార్. గీ అద్దాల దుకాణంల గిట్ల...”

“నాకూ రోజూ ఏదో ఒకటి అంటుతుంది. కడుక్కుంటే పోతుంది. పద.”

ఇద్దరూ పక్కపక్కన నిలబడి చేతులు కడుక్కున్నారు. ఆగయ్య రుద్దినంత సేపూ శ్రీరాములు గారు కూడా రుద్దుతూనే ఉన్నారు. ఆయన చేతులకి మురికేమీ లేదు. అప్పుడు నీరజకి అది వింతగానే అనిపించింది, అంతకుమించి ఆలోచించలేదు.

బల్ల దగ్గర శ్రీరాములు గారు ఆగయ్య చేతికి కివోరా కలం ఇచ్చారు. తెర మీదే గీయవచ్చు దానితో.

“ఏం గియ్యాలె సార్?”

“నీ ఇష్టం. వారు ఏమీ అనుకోరు.”

ఆగయ్య ఊపిరి బిగబట్టి ఒక చిలకని గీశాడు. గీత గీతకీ ఆగి, కలం వెనక గీత నిజంగానే వస్తోందా లేదా అని చూసుకుంటూ గీశాడు. అయ్యాక తల పక్కకి వంచి చూశాడు. “కోడి లెక్క అయ్యింది సార్” అన్నాడు. బాలు కిసుక్కున నవ్వాడు. ఆగయ్యా నవ్వాడు. శ్రీరాములు గారు మాత్రం గంభీరంగా ఆకుపచ్చ రంగు చూపించి “ఇక్కడ ముట్టుకో” అన్నారు. చిలకో కోడో, ఒంటినిండా ఆకుపచ్చ అయిపోయింది. బాలు ఇంకో మీట నొక్కాడు. ఒక చిలక రెండయింది, రెండు నాలుగయ్యాయి, తెల్లటి చీర ఒకటి తెర నిండా పరుచుకుని, దాని మీద చిలకల గుంపు వాలింది. చీర గాలికి ఊగినట్టు ఊగింది. చిలకలు కూడా ఊగాయి.

షాపులో ఉన్నవాళ్ళందరూ బల్ల చుట్టూ చేరారు.

“ఇన్నేండ్ల సంది బట్ట నేస్తున్న సార్” అన్నాడు ఆగయ్య. “తెల్ల బట్టనే. రంగులేసేటోడు ఇంకోడు, పూలు గుద్దేటోడు ఇంకోడు. నా బట్ట మీద నా బొమ్మ ఇయ్యాలనే సూస్తున్న.”

శ్రీరాములు గారు గొంతు సవరించుకుని, “వారికి మీ చిలక బాగా నచ్చింది” అన్నారు.

ఆ చిలక సంగతి భేస్తాన్‌లో ప్రతి చాయ్ బండి దగ్గరికీ చేరింది. ఆగయ్య తోటి పనివాళ్ళు వచ్చారు, ఒక్కొక్కరు ఒక్కో పక్షిని గీశారు, గీసిన ప్రతిదీ కోడిలాగే వచ్చింది. కోళ్ళ సంగతి చివరికి మిల్లు సేఠ్ చెవిన పడింది. అదేమిటో చూద్దామని నవ్వుతూ వచ్చిన సేఠ్, తన చీరల డిజైన్లు ఆ తెర మీద ఊగడం చూసి నవ్వు ఆపేసి, డిజైన్ గది కోసం కివోరాలు కొన్నాడు. అది చూసి ఇంకో సేఠ్ వచ్చాడు.

అప్పుడు అహ్మదాబాద్ నుంచి జిగ్నేశ్ భాయి ఫోన్ చేశాడు. రాష్ట్రం మొత్తానికి అమ్మకాలు చూసే అధికారి ఆయన.

“నీరజా బెన్, మొత్తం గుజరాత్‌లో మీ షోరూమే మొదటిది. శభాష్! మీ కెమెరా వీడియోలు చూశాను. మధ్య బల్ల దగ్గర తెల్ల చొక్కా పెద్దాయన ఎవరు? మన ఉద్యోగేనా?”

“కాదు సర్.”

“కస్టమరా?”

“ఏమీ కొనలేదు సర్. కానీ...”

“ఉద్యోగి కాదు, కస్టమర్ కాదు. మరి రోజూ బల్ల దగ్గర ఏం చేస్తున్నాడు? ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత? కొన్నవాళ్ళూ, మనవాళ్ళూ తప్ప ఎవరూ అక్కడ గంటలకొద్దీ ఉండకూడదు. రూల్ ఉంది. ఆదివారం నేను వస్తున్నాను. ఆలోపు మర్యాదగా చెప్పి పంపించేయండి.”

నీరజ చెప్పాలనుకుంది. ఆ సాయంత్రం ఆయన “కొనను, చూస్తాను!” అంటూ వచ్చేసరికి చెప్పలేకపోయింది. మర్నాడూ చెప్పలేకపోయింది. షాపులో అందరి ముందు కాదు, ఇంటికెళ్ళి చెబుదామని సెలవు రోజున ఆల్థాన్‌లోనే ఆయన ఉండే అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది. చేతిలో ఒక మిఠాయి డబ్బా.

తలుపు తీసింది ఆయన భార్య కాత్యాయని గారు. తీస్తూనే గుసగుసగా అన్నారు. “మెల్లగా రామ్మా. వారు పడుకున్నారు.”

“సారీ ఆంటీ, అంకుల్ పడుకుంటే తర్వాత వస్తాను.”

“ఆయన కూరలకి వెళ్ళారు. పడుకున్నది వారు” అని కాత్యాయని గారు హాలులో మూలకి చూపించారు. అక్కడ చిన్న బల్ల మీద, కశ్మీరు శాలువా కప్పుకుని ఏదో ఉంది. శాలువా అంచు కింద వాన మబ్బు రంగు.

నీరజ మిఠాయి డబ్బా పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది.

“ఆంటీ... ఇది కివోరా కదా?”

“ఇంకెవరు? పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో ‘వారు’ అంటే ఒక్కరే ఉండేవారు. ఇప్పుడు ఇద్దరయ్యారు. ఆయన్ని అంటున్నానో ఈయన్ని అంటున్నానో నాకే తెలియడం లేదు. పొద్దున మిక్సీ వేస్తే ‘వారి నిద్ర చెడుతుంది’ అంటారు. ఇంతకీ నా నిద్ర గురించి ఏనాడైనా అన్నారా ఈ మనిషి?”

“ఎప్పుడు కొన్నారు? మా షాపులో కొనలేదే!”

“మీ షాపు తెరిచిన వారానికే. మీ దగ్గర కొంటే మీకు తెలిసిపోతుందిగా. వడోదర వెళ్ళి కొనుక్కొచ్చారు. రైల్లో కిటికీ సీటు వారికిచ్చి, ఈయన పక్కన కూర్చుని వచ్చారట.”

నీరజకి నవ్వు వచ్చింది, వెంటనే అయోమయం వచ్చింది. “మరి రోజూ వచ్చి ‘కొనను, కొనను’ అని అరుస్తారెందుకు ఆంటీ?”

కాత్యాయని గారు శాలువా అంచు సర్దారు. “వారి మీద ఆయనకున్న భక్తి నిజమేనమ్మా, అందులో నటన లేదు. అబద్ధమల్లా ఆ కొననన్న మాటే. మేము కొత్తగా సూరత్ వచ్చినప్పుడు రింగ్ రోడ్డులో ఒక పెద్ద చీరల షాపుకి వెళ్ళాం. కొనడానికి కాదు, చూడటానికి. నేనొక చీర అంచు ముట్టుకున్నాను. ‘కొనేదుంటేనే ముట్టుకోండి’ అన్నాడు షాపువాడు, అందరూ వినేట్టు. నేను మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. మీ అద్దాల షాపు తెరిచిన రోజు బయట ఎవరో కూలివాళ్ళు నిలబడి చూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయారట. అది చూసి వచ్చి, ఆ రాత్రి అన్నం తింటూ, ‘కాత్యాయనీ, కొననివాడు ఒకడు ముందు లోపల నిలబడితే మిగతావాళ్ళకి సిగ్గు పోతుంది’ అన్నారు. అంతే. ఆ ఉద్యోగంలో చేరిపోయారు.”

అప్పుడు కాళ్ళకున్న చెప్పులు విప్పుతూ శ్రీరాములు గారు లోపలికి వచ్చారు. చేతిసంచీలో వంకాయలు. నీరజని చూశారు, శాలువాని చూశారు, మళ్ళీ నీరజని చూశారు.

“తల్లీ,” అన్నారు, జీవితంలో మొదటిసారి మెల్లగా. “ఈ సంగతి బయటికి పొక్కితే నా పరువు పోతుంది.”

నీరజ జిగ్నేశ్ భాయి చెప్పినదంతా చెప్పింది. చెప్పి, ఆశగా అంది. “కానీ ఇప్పుడు మంచిదే అంకుల్! మీరు కస్టమరే. ఆ ఒక్క మాట నేను చెప్తే చాలు. రూల్ ప్రకారం మిమ్మల్ని ఎవరూ పొమ్మనలేరు.”

“వద్దు.”

“అంకుల్!”

“ఆగయ్యకి ఏం తెలుస్తుంది అప్పుడు? ఈ ముసలాడు కొనగలిగినవాడే, మనతో ఆట ఆడాడు అనుకుంటాడు. రేపటి నుంచి మళ్ళీ అద్దం బయటే నిలబడతాడు. వద్దమ్మా. పొమ్మంటే పోతాను. చెప్పనని మాటివ్వు.”

నీరజ మాటిచ్చింది. ఇచ్చినందుకు ఇంటికి వెళ్ళేదాకా తనని తానే తిట్టుకుంది.

ఆదివారం సాయంత్రం షోరూమ్ కిక్కిరిసి ఉంది. జిగ్నేశ్ భాయి లోపలికి అడుగు పెట్టేసరికి శ్రీరాములు గారు మధ్య బల్ల దగ్గర ఉన్నారు, చుట్టూ ఆగయ్యా, మగ్గాల వాళ్ళూ, ఇద్దరు ముగ్గురు సేఠ్‌లూ, కాలేజీ పిల్లలూ. జిగ్నేశ్ భాయి నీరజ వైపు ‘చెప్పలేదా?’ అన్నట్టు చూశాడు. నీరజ నేల చూపులు చూసింది. ఆయన జనాన్ని తోసుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు.

“కాకా, నేను కంపెనీ నుంచి వచ్చాను,” అన్నాడు హిందీలో, మర్యాదగానే. “ఒక్క మాట అడుగుతాను. మీరు మా కంప్యూటర్ ఎప్పుడైనా కొన్నారా?”

శ్రీరాములు గారు నీరజ వైపు చూశారు. నీరజ నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఒక్క మాట. ఆమె పళ్ళు బిగించి మింగేసింది.

“లేదు సాహెబ్,” అన్నారు శ్రీరాములు గారు, తలెత్తి, గొంతెత్తి. “కొనలేదు!”

“నేను గూడ కొనలే సార్,” అన్నాడు ఆగయ్య, ఆయన పక్కకి వచ్చి నిలబడి. “నన్ను గూడ వొమ్మంటరా?”

“నేనూ కొనలేదు” అంది వెనక నుంచి ఒక కాలేజీ పిల్ల. ఇంకెవరో కూడా అన్నారు. జిగ్నేశ్ భాయి ఇబ్బందిగా కాలర్ సవరించుకున్నాడు. ఆ సందులో శ్రీరాములు గారే అడిగారు.

“మరి మీరు కొన్నారా సాహెబ్?”

“నేనా? నాకు కంపెనీ ఇచ్చింది.”

“అంటే కొనలేదు.”

“అది... కొనలేదు.”

శ్రీరాములు గారి మొహం వికసించింది. ఆయన జిగ్నేశ్ భాయి భుజం మీద చెయ్యి వేశారు, ఎంతో ఆప్యాయంగా. “దానికేం సాహెబ్, సిగ్గుపడకండి. ఇక్కడ మేమంతా అంతే. రండి, ముట్టుకోండి. చేతులు మాత్రం కడుక్కోవాలి.”

ఎవరో నవ్వారు. ఆ నవ్వు షాపంతా పాకింది. జిగ్నేశ్ భాయికి తనేం చేస్తున్నాడో తనకే తెలియలేదు, చేతులు కడుక్కుని వచ్చాడు. శ్రీరాములు గారు మూత దించి ఉంచారు.

“మీరు వారిని పని లేకుండా ఎప్పుడైనా లేపారా?”

“పని లేకుండానా? లేదు. పొద్దున తెరుస్తాను, లెక్కలు చూస్తాను, మూసేస్తాను.”

“ఒక్క వేలితో, సాహెబ్. తొందరేం లేదు.”

జిగ్నేశ్ భాయి చూపుడు వేలితో ఎత్తాడు. ఇలాంటివి వేలకు వేలు అమ్మించిన మనిషి. తెర మీద మసక, లేత వెలుగు, నిండు వెలుగు. మగ్గాల వాళ్ళు మెడలు సాచారు. ఎన్నిసార్లు చూసినా వాళ్ళు అలాగే చూస్తారు. జిగ్నేశ్ భాయి వేలు మూత మీదే ఉండిపోయింది.

“ఇది రోజూ ఇలాగే వెలుగుతుందా?” అన్నాడు.

“వెలుగుతారు,” అని సరిదిద్దారు శ్రీరాములు గారు.

వెళ్ళేటప్పుడు జిగ్నేశ్ భాయి నీరజని పక్కకి పిలిచాడు. “ఆ రూల్ ఉంది చూడండి, దాన్ని నేను అహ్మదాబాద్ వెళ్ళి ఇంకోసారి శ్రద్ధగా చదవాలి. చదవడానికి కొన్నేళ్ళు పట్టవచ్చు. అప్పటిదాకా మీరేమీ చేయకండి.”

కొన్ని వారాలు గడిచాయి. ఒక సాయంత్రం రద్దీ తగ్గాక శ్రీరాములు గారు నీరజ కౌంటర్ దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. ఆయన గొంతు తగ్గించడం అదే రెండోసారి.

“తల్లీ, వారి చార్జర్ తీగ ఒకటి కావాలి. మా ఇంట్లో... అంటే, నాకు తెలిసినవాళ్ళ ఇంట్లో, ఎలుక కొరికేసింది. పొద్దున్నుంచీ వారు పస్తున్నారు.”

నీరజ నవ్వాపుకుని లోపలికెళ్ళి చార్జర్ తెచ్చింది. దాన్ని పక్కకొట్టు ఖమణ్ సంచీలో పెట్టి, మూతి మడిచి ఇచ్చింది. శ్రీరాములు గారు సంచీని గుండెలకి హత్తుకుని గుమ్మం దాకా వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఆగయ్య మెట్లెక్కి వచ్చాడు.

“ఏంది సారూ, సంచిల?”

“ఖమణ్ నాయనా.”

“గరం గరం ఉన్నదా? జర రుచి సూపియ్యుండ్రి, ఆకలైతున్నది.”

మూడు భాషల్లో రైళ్ళని నడిపించిన శ్రీరాములు గారికి ఆ క్షణం ఒక్క భాషా గుర్తుకు రాలేదు. కౌంటర్ వెనక నీరజ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆగయ్య సంచీ వైపే చూస్తున్నాడు. మడత సందులోంచి నల్లటి తీగ చివర ఒకటి తొంగి చూస్తోంది.

ఆగయ్య కాసేపు దాన్ని చూశాడు. తర్వాత శ్రీరాములు గారి మొహం చూశాడు. రెండు వేళ్ళతో ఆ తీగని మెల్లగా లోపలికి తోసి, సంచీ మూతి మళ్ళీ మడిచాడు.

“సల్లారినట్టున్నది సార్,” అన్నాడు. “ఇంటికి వోయి గరం జేస్కోండ్రి. జల్ది పోండ్రి మరి, వారికి ఆకలైతుండొచ్చు.”